తెల్లపిల్లలు పుట్టిన ఏడాది

పెళ్లయిన తొమ్మిదో రోజున మా బావ నా అరచేతిలో ఒక పాముపిల్లను పెట్టాడు.

పెన్సిలంత లావు, జానెడుకు కాస్త ఎక్కువ పొడవు. నల్లటి ఒంటి మీద తెల్లటి పట్టీలు. చూడగానే కట్లపామే అనుకున్నాను. నేను పాన్‌గల్ దగ్గరి పల్లెలో పుట్టినదాన్ని. చిన్నప్పుడు మా వాడకట్టులో ఒక మనిషిని కట్లపాము కరిస్తే, దవాఖానకు చేరేలోపే ఆయన కనురెప్పలు వాలిపోవడం కళ్లారా చూశాను. చెయ్యి గుంజుకోబోతే బావ నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

"భయపడకే. ఇది మన దిక్కు పాము కాదు. దీనికి విషం లేదు. కట్లపాముకు గీతలు దారాల లెక్క సన్నగుంటయి. దీనికి చూడు, మెడ కాడికెళ్లి తోక దాంక ఒక్కతీరు వెడల్పు."

ఆ పిల్ల నా చూపుడువేలుకు చుట్టుకుంది. చల్లగా, పొడిగా ఉంది. జారుడుగా, జిగటగా ఉంటుందని అన్నాళ్లూ అనుకున్నాను. అది కదులుతుంటే నా భయం ఎటు పోయిందో నాకే తెలియలేదు.

బావ అంటే మా మేనమామ కొడుకు. నేను పుట్టిన పురుటింట్లోనే మా అమ్మ తన అన్నకు మాట ఇచ్చేసింది. మా వైపు దగ్గరి సంబంధం అంటే మంచి సంబంధమనే అర్థం. పిల్ల కొత్త ఇంటికి పోదు, మామ ఇంటికే పోతుంది. అత్త కొట్టినా మన అత్తే, తిట్టినా మన అత్తే అంటారు. నాకూ బావంటే ఇష్టమే. పెద్దమందడిలో మామ వాళ్ల గొర్ల దొడ్డి గోడ మీద కూర్చుని పదేళ్లప్పుడు ఇద్దరం రేగుపండ్లు తిన్నాం. ఆ ఇష్టానికి మొదలు ఎక్కడో వెతుక్కోవలసిన పని మాకు రాలేదు.

బావ హైదరాబాద్ శివార్లలో ఒక ధనవంతుడి తోటలో ఆరేళ్లు పనిచేశాడు. అక్కడ విదేశీ పక్షులు, ఉడుములలాంటి జంతువులు, పాములు ఉండేవి. కరోనా వచ్చి ఆ తోట మూతపడ్డప్పుడు యజమాని రెండు పాములను కాగితాలతో సహా బావకు ఇచ్చి పంపాడు. వాటిని కింగ్‌స్నేక్ అంటారు. అమెరికా ఖండం పాములు. మిగతా పాములను పట్టి మింగుతాయి కనుక రాజు అని పేరు. అన్నదమ్ములైనా సరే, ఒకే డబ్బాలో పెడితే తెల్లారేసరికి ఒకటే మిగులుతుంది. అందుకే ఒక్కోదానికి ఒక్కో డబ్బా.

బావ వనపర్తిలో రంగుచేపలు, లవ్‌బర్డ్స్ అమ్మే దుకాణం పెట్టుకున్నాడు. పాములను మాత్రం అద్దె ఇంటి వెనక గదిలో ఉంచాడు. నేను కాపురానికి వచ్చేసరికి ఆ రెంటిలో మగది ముసలిదై చనిపోయింది. దాని ఫొటో ఒకటి బావ ఫోన్‌లో ఉండేది. ఒళ్లంతా పాలతెలుపు, కళ్లు గులాబీ రంగు, వెన్ను పొడవునా లేత పసుపు గీత. ఆడది నల్లటిది, తెల్ల పట్టీలది. ఆ రెంటికీ పుట్టిన ఎనిమిది పిల్లల్లో ఒకదాన్నే నా చేతిలో పెట్టింది. ఎనిమిదీ నల్లవే. ఒక్కటీ తెల్లగా లేదు.

"మరి తండ్రి తెలుపు ఎటు పోయింది?" అని అడిగాను.

"ఎటూ పోలే. ఎన్మిదింటి లోపట దాక్కున్నది. పైకి కనవడది." బావ చేపల మేత అట్టపెట్టె మీద మార్కర్‌తో నాలుగు గడులు గీశాడు. "ఇందులకెళ్లి ఒక అన్నకు ఒక చెల్లెకు జత కడ్తే, ఇద్దరి లోపటి తెలుపు కల్సినకాడ తెల్లది పుడ్తది. నాలుగింటికి ఒకటి. రెండు మామూలుగ కనవడ్తయి కానీ లోపట మోస్తుంటయి. ఒకటి ఏం లేకుండ పుడ్తది."

ఇదంతా నాకు తెలిసిందే. నాగర్‌కర్నూల్‌లో ఇంటర్ చదివేటప్పుడు బఠాణీ మొక్కల పాఠంలో బట్టీపట్టి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. అప్పటికే నేను వనపర్తిలో ఒక ప్రైవేటు బడిలో జీవశాస్త్రం చెబుతున్నాను. కానీ పుస్తకంలో చదివినది నా చేతి వేలికి చుట్టుకుని ఉండటం అదే మొదటిసారి.

ఆ ఎనిమిది పిల్లల ఒంటి మీద గీతలు ఏ రెంటికీ ఒకేలా లేవు. నాలుగింటికి అడ్డపట్టీలు. రెంటికి వెన్ను మీద నిలువు చార. ఒకదానికి చార మధ్యమధ్యలో తెగి, అడుగులు వేసినట్టు ఉంది. ఇంకోదానికి మెడ దగ్గర రెండు పట్టీలు కలిసిపోయి ఇంగ్లీషు వై అక్షరంలా ఉంది. నేను పొడుగు నోట్‌బుక్ ఒకటి కొని ఒక్కోదానికి ఒక్కో పేజీ ఇచ్చాను. పామును గాజు కింద ఉంచి, దాని గీతలు చూసి గీసేదాన్ని. పక్కన ఎప్పుడు కుబుసం విడిచిందో, ఎప్పుడు ఎలుకపిల్లను తిన్నదో, ఎంత పెరిగిందో రాసేదాన్ని. కుబుసం విడిచిన ప్రతిసారీ గీతలు మారతాయేమోనని చూసేదాన్ని. మారవు. రంగు తేరుతుందంతే.

"నాకంటె నువ్వే మంచిగ గుర్తువడ్తున్నవ్," అనేవాడు బావ.

ఆరింటిని కాగితాలతో వేరే పెంపకందార్లకు ఇచ్చేశాం. తెగిన చార ఉన్న మగదాన్ని, మెడ మీద వై ఉన్న ఆడదాన్ని ఉంచుకున్నాం. అవి జతకు వచ్చేదాకా మూడేళ్లు ఆగాలి. తెల్లపిల్లను తన చేతుల మీదుగా పుట్టించాలని బావకు ఎంతో కోరిక. ఆ ముసలి మగదాని ఫొటో చూపించి, "దీని వంశం ఆగిపోవద్దు," అనేవాడు.

మామకు మేం ఏం పెంచుతున్నామో తెలిసింది ఏడాది తర్వాత. అత్త ఆ గది గడప తొక్కనని పట్టుబట్టి కూర్చుంది. మామ మాత్రం వచ్చి, బీడీ ఆర్పేసి, చాలాసేపు డబ్బాలను చూశాడు.

"గీ రెండు ఒక్క తల్లి పిల్లలేనా?"

"ఔ నాయినా."

"మరి వీటినే జత కడ్తవా?"

"తెల్లయి రావాలంటే గట్లనే కట్టాలె. ఒక్కసారే. తర్వాత బయటికెళ్లి వేరేది తెస్త."

మామ తల అడ్డంగా ఊపాడు. "గొర్లల్ల ఐతే మేం గట్ల చెయ్యం. మందల పుట్టిన పొట్టేలును మందల ఉంచం. మూడేండ్లకోపారి మారుస్తం. లేకుంటె అవుకు పిల్లలు, బలం లేనియి, పుడ్తయి." అని లేచి, "కోడలా, జర చాయ్ పెట్టు," అన్నాడు నాతో. నేను పెట్టాను. ఆ మాట మా ముగ్గురి మధ్య నుంచి అలాగే వెళ్లిపోయింది.

పెళ్లయిన మూడో ఏడు కార్తీకంలో మాకు కొడుకు పుట్టాడు.

తెల్లగా, బొద్దుగా, కళ్లు పెద్దవిగా ఉన్నాడు. ఎవరు పలకరించినా ముఖం నిండా నవ్వేవాడు. ఎక్కడ పడుకోబెడితే అక్కడే ఉండేవాడు. చూడవచ్చిన వాళ్లంతా నా అదృష్టాన్ని మెచ్చుకున్నారు. "ఎంత బుద్ధిమంతుడే! కాలు చెయ్యి కూడ ఆడియ్యడు," అంది మా అమ్మ, వాణ్ణి ఒళ్లో పెట్టుకుని మురిసిపోతూ. నేనూ మురిసిపోయాను. నా చదువు, నా జీవశాస్త్రం ఆ పూట ఎక్కడ ఉన్నాయో నాకు తెలియదు.

నాలుగో నెలలో పక్కింటి ఆమె వాణ్ణి ఎత్తుకుని, వెంటనే నా చేతికి ఇచ్చేసింది. "మెడ ఇంక నిలవలేదేంది?" అని మాత్రం అంది. ఆ రోజు నుంచి నేను మెడ తప్ప ఇంకేమీ చూడలేదు. రెండు చేతులూ పట్టి లేపితే తల వెనక్కే ఉండిపోయేది. కళ్లు మాత్రం నన్నే చూసేవి, నవ్వేవి.

వనపర్తిలో చూపించాం. బలం మందు రాశారు. నాగర్‌కర్నూల్‌లో చూపించాం. కొందరు పిల్లలకు ఆలస్యమవుతుందన్నారు. ఆ తిరుగుళ్ల మధ్యలోనే చలికాలం పోయింది. ఫిబ్రవరి చివర బావ ఆ రెండు పాములను జత కట్టాడు. పిల్లవాడు నా ఒళ్లో ఉండగా నోట్‌బుక్‌లో ఆ తేదీ నేనే రాశాను. ఏప్రిల్‌లో ఆడది ఏడు గుడ్లు పెట్టింది. రెండు పసుపు తిరిగి చెడిపోయాయి. మిగిలిన ఐదింటిని తడిపిన కొబ్బరిపొట్టులో పెట్టి, ఎండలు ముదురుతున్నాయని కూలర్ ముందు ఉంచాం.

పిల్లవాడు పాలు తాగుతూ ఆయాసపడటం మొదలుపెట్టాక హైదరాబాద్ తీసుకెళ్లాం. పిల్లల పెద్ద దవాఖానలో నెత్తురు తీసుకున్నారు. పది రోజుల తర్వాత మళ్లీ రమ్మన్నారు. డాక్టరమ్మ నడివయసు మనిషి. కాగితం చదివి, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది.

"మీది మేనరికమా?"

"ఔ మేడమ్," అన్నాను. "మా మేనమామ కొడుకు."

ఆమె ఒక తెల్ల కాగితం తీసుకుని దాని మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసింది. నాలుగు గడులు వచ్చాయి. "చూడండమ్మా, తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. కానీ ఇద్దరి లోపలా కండరాలు చచ్చుబడే ఈ జబ్బు..."

"నాకు తెలుసు మేడమ్," అన్నాడు బావ.

ఆమె ఆగింది. ఆయన గొంతులో ఏదో విని ఉంటుంది. పెన్ను మూత పెట్టేసింది. బావ ఆ గడుల వంకే చూస్తున్నాడు. నేను బావను చూడలేక పిల్లవాణ్ణి చూశాను. వాడు నా గాజులను చూస్తున్నాడు, చెయ్యి ఎత్తి పట్టుకోలేడు కదా, చూపుతోనే ఆడుకుంటున్నాడు. విదేశం నుంచి తెప్పించే, కోట్లు ఖరీదు చేసే సూది ఒకటుందని చెప్పేటప్పుడు ఆమె కళ్లు దించుకుంది. అది కూడా ముందే, పుట్టిన వెంటనే ఇస్తే బాగుండేదట.

తిరుగు బస్సులో భూత్పూర్ దగ్గర ఎవరో దిగుతుంటే ఆ చప్పుడులో బావ అన్నాడు. "పాములకు అన్నీ రాసిపెట్టిన. ఏది ఎవలకు పుట్టింది, లోపట ఏముంది, అన్నీ. మన గురించి ఒక్కనాడు సోంచాయించలే."

"నేను గూడ చదువుకున్నదాన్నే గద బావా," అన్నాను.

మే నెలలో ఒక పొద్దుటిపూట, నేను చెంచాతో పాలు పడుతుంటే, వాడికి కొరబోయి పాలు గొంతుకు అడ్డం పడ్డాయి. మామూలు పిల్లలైతే దగ్గి ఊరుకుంటారు. వాడికి దగ్గే బలం లేదు. ఆటోలో దవాఖానకు పోతుండగా దారిలోనే పోయాడు. ఆరు నెలలు దాటి కొన్ని రోజులు. ఆఖరికి కూడా కళ్లు తెరుచుకునే ఉన్నాయి. పెద్దమందడిలో మామ చేని గట్టున పూడ్చారు. చిన్నపిల్లల వెంట ఆడవాళ్లు పోకూడదన్నారు. నేను దొడ్డి గోడ దగ్గరే నిలబడ్డాను.

మూడో రోజున అత్త మనసులోది బయటపెట్టింది. అప్పటిదాకా ఏడుస్తూనే ఉన్న మనిషి ఒక్కసారి లేచి బావ మీదికి వచ్చింది.

"సుబ్రమణ్యస్వామిని డబ్బల్ల పెట్టి బంధిస్తివి గదరా! గుడ్లు పెట్టిస్తివి, పిల్లలను తల్లికాడికెళ్లి గుంజుకొని ఊరూరికి పంపిస్తివి. పాము ఉసురు ఊకెనే పోతదా? ఇయ్యాల్నే తీస్కపోయి అడవిల ఇడిసిరా. నాగప్రతిష్ఠ చేపిస్తం. గప్పుడు గానీ నీ ఇంట్ల పిల్లలు నిలవరు."

మా అమ్మ ఆమె పక్కనే కూర్చుని తల ఊపుతోంది. మామ గోడకు ఆనుకుని ఉన్నాడు. అప్పుడు మా తమ్ముడూ ఉన్నాడు, బావ చెల్లెలూ ఉంది. అందరి ముందూ బావ చెప్పాడు. కోపంగా చెప్పలేదు. దుకాణంలో గిరాకీకి చేపల సంగతి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

"పాముల తప్పు లేదమ్మా. ఆ జబ్బు నా లోపట ఉన్నది. దీని లోపట ఉన్నది. ఎందుకంటె ఇద్దరిది ఒక్కటే నెత్తురు. మా తాతకో, అవ్వకో ఉండె. ఆళ్లకాడికెళ్లి నాయినకు వచ్చింది, మేనత్తకు వచ్చింది. ఆళ్లు మాకు ఇచ్చిన్రు. బయటోళ్లను చేసుకుంటె లోపట్నే దాగుండు. మేం ఇద్దరం కలిస్తిమి, బయట పడ్డది."

మా అమ్మ అడిగింది, నన్ను కాదు, తన అన్నను. "అంటె ఏందన్నా? నేను నీకు ఇచ్చిన మాటేనా గా పిల్లగాన్ని తిన్నది?"

మామ తల మీది తుండు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన ఏడవడం అంతకుముందు నేను చూడలేదు. తుండు చాటు నుంచే అన్నాడు.

"పొట్టేలును మారుస్తం. గొర్లకాడ గా ఇకమతు మా నాయిన నేర్పిండు, ఆయనకు ఆళ్ల నాయిన నేర్పిండు. మన పిల్లలకాడికి వచ్చెవరకు ఎవనికి యాదికి రాలే."

అత్త మాత్రం ఒప్పుకోలేదు. ఈనాటికీ ఒప్పుకోలేదు. ఆమెకు పాములే కారణం. ఒక్కోసారి నాకు అలా నమ్మగలిగితే బాగుండుననిపిస్తుంది. పాములైతే తీసుకుపోయి వదిలేస్తాం. ఒంట్లో ఉన్నదాన్ని ఎక్కడ వదిలేస్తాం?

మృగశిర వానలు పడ్డాక, జూన్ చివరలో గుడ్లు విచ్చుకున్నాయి. ఆ గది పని అప్పటికి నేనొక్కదాన్నే చూస్తున్నాను. బావ నీళ్లు పెట్టి బయటికి వచ్చేసేవాడు. ఆ మధ్యాహ్నం మూత తీసేసరికి ఒక గుడ్డు పైన బ్లేడుతో గీసినట్టు చిన్న చీలిక కనిపించింది. చీలికలోంచి ఒక మూతి. మూతి మీద గులాబీ రంగు కన్ను.

నాకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. గంట సేపటికి అది మెల్లగా బయటికి జారింది. పాలమీగడ రంగు ఒళ్లు, దాని మీద లేత పసుపు పట్టీలు, మెడ దగ్గర తల్లికి ఉన్నలాంటి వై. సాయంత్రానికి ఐదూ వచ్చాయి. మూడు నల్లవి, రెండు తెల్లవి. అన్నీ చురుగ్గా ఉన్నాయి. ముట్టుకుంటే తోకలు కొట్టుకుంటున్నాయి. అదే లెక్క. ఆ లెక్క వీటికి ఆ రంగు ఇచ్చింది. నా పిల్లవాడికి ఏమిచ్చిందో నాకు తెలుసు. అంతకు మించి దాని గురించి నాకు ఆలోచించాలని లేదు.

బావకు ఫోన్ చేశాను. వచ్చాడు. మూత తీసి చూశాడు. మూడేళ్లు ఎదురుచూసిన మనిషి, అరనిమిషం చూశాడేమో. మూత పెట్టి, చేతులు కడుక్కుని, దుకాణానికి వెళ్లిపోయాడు. బెంగళూరు నుంచి, రాయచూరు నుంచి ఆ తెల్లపిల్లల కోసం ముందే చెప్పిపెట్టుకున్న వాళ్లు ఫోన్లు చేస్తే, "పుట్టలేదు సార్, గుడ్లు ఖరాబైనయి," అని చెప్పాడు. నోట్‌బుక్‌లో ఐదింటి బొమ్మలూ నేను గీశాను. అవే ఆఖరి బొమ్మలు. ఆ రెండు పాములనూ బావ మళ్లీ జత కట్టలేదు.

ఇంతటితో అయిపోతే ఇది మా ఇద్దరి దుఃఖమే అయ్యేది. కానీ మాది కుండమార్పిడి అనుకున్న సంబంధం. మామ కొడుకుకు నన్నిచ్చారు. మామ బిడ్డను, అంటే బావ చెల్లెల్ని, మా తమ్ముడికి చేసుకోవాలి. మా తమ్ముడు నాగర్‌కర్నూల్‌లో ఆటో నడుపుతాడు. నా మరదలు అక్కడే హాస్టల్లో ఉండి బీఎడ్ చదివేది. పొద్దున కాలేజీ దగ్గర దింపేది వాడే, సాయంత్రం ఎక్కించుకునేదీ వాడే. పెద్దలు కలిపిన ముడే అయినా, ఆ ఇద్దరూ దాన్ని తమ చేతులతో ఇంకా గట్టిగా బిగించుకున్నారు. ఏడాది మైల తీరగానే పెళ్లి చేయాలని అత్త తొందరపడింది.

"ముందుగాల ఇద్దరికి నెత్తురు పరీక్ష చేపియ్యాలె," అన్నాడు బావ. ఇంట్లో గొడవైంది. చివరికి మామ చెప్పాడు కనుక ఒప్పుకున్నారు.

మరుసటి ఏడు సీతాఫలాల రోజుల్లో వాళ్లిద్దరినీ హైదరాబాద్ తీసుకుపోయింది నేనే. బస్సులో ముందు సీట్లో కూర్చున్నారు. ఒకే పండు పంచుకుని తింటూ, గింజలు ఎవరు ఎంత దూరం ఊస్తారని కిటికీ దగ్గర పందెం వేసుకున్నారు. నా మరదలు వెనక్కి తిరిగి, "వదినే, నువ్వు గూడ ఊంచు," అని నాకో ముక్క ఇచ్చింది. నేను తిన్నాను. మూడు వారాల తర్వాత ఫలితం నా ఫోన్‌కే వచ్చింది. బడిలో, పదో తరగతి గది బయట నిలబడి చదివాను. ఇద్దరి లోపలా ఉంది.

డాక్టరమ్మ ఫోన్‌లో వివరంగా చెప్పింది. పెళ్లి చేసుకోకూడదని కాదు. ప్రతి కడుపుకూ మూడో నెలలో పరీక్ష చేయించుకోవాలి. జబ్బు ఉంటే తీయించుకోవాలి, లేకపోతే ఉంచుకోవాలి. నాలుగింటికి మూడు పాళ్లు మంచే జరగవచ్చు. ఆ మాటల్ని అలాగే వాళ్లిద్దరికీ చెప్పాను. తమ్ముడు వెంటనే, "పరీక్షలు చేపిచ్చుకుంటం అక్కా, గంతే గద," అన్నాడు.

నా మరదలు మరునాడు ఒక్కతే వనపర్తి వచ్చింది. వంటింట్లో నేను చిక్కుడుకాయ తుంచుతుంటే ఎదురుగా కూర్చుంది.

"వదినే, ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. గీ సంగతి నీకు ముందుగాల్నే తెలిసుంటె, మా అన్నను చేసుకుంటుంటివా?"

వెనక గదిలో బావ డబ్బాలు కడుగుతున్నాడు. నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. నేను అబద్ధం చెప్పవచ్చు. చేసుకునేదాన్ని అనవచ్చు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. కానీ ఆ క్షణంలో నా కళ్ల ముందు ఆటో, ఒళ్లో తేలికైపోయిన ఆ చిన్న ఒళ్లు, తెరిచే ఉన్న కళ్లు కనిపించాయి. ఈ పిల్లకు అది వద్దు అన్న ఒక్క మాట తప్ప నాకేమీ తోచలేదు.

"చేసుకోకపోతుంటి," అన్నాను.

నీళ్ల చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

ఆమె లేచి వెళ్లిపోయింది. వారంలోపే పెళ్లి వద్దని తండ్రికి చెప్పేసింది. మా తమ్ముడు పెద్దమందడి పోయి, ఆమె గడప దగ్గర నిలబడి ఎంత అడిగినా బయటికి రాలేదట. ఆ మాఘంలోనే గద్వాల దిక్కు బయటి సంబంధం ఒకటి చూసి చేశారు. పెళ్లిలో నేను తలంబ్రాల పళ్లెం పట్టుకుని పక్కనే ఉన్నాను. ఆమె ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. "పాణం గట్టిగ చేసుకుందమనుకున్న, కానీ వదినె గట్ల అన్నంక ఎట్ల చేసుకుంట," అని అత్తతో అన్నదని నాకు తర్వాత తెలిసింది.

బావ ఆ మాట విన్నాడా లేదా అని నేను అడగలేదు. ఐదారు నెలలు పోయాక, ఒక ఆదివారం తెల్లపిల్లల డబ్బాల్లో పాత కాగితాలు మారుస్తూ తనే అన్నాడు.

"గారోజు చెల్లెకు నువ్వు చెప్పిన మాటకు బాధపడకు. నన్నడిగినా గదే చెప్తుంటి."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. కాగితాలు కింద పడ్డాయి. ఒకరినొకరు చేసుకోకుండా ఉండవలసిందని ఇద్దరం ఒప్పుకున్న ఆ రోజు కన్నా దగ్గరగా మేం ఎప్పుడూ లేము. అది చెబితే ఎవరికీ అర్థం కాదు.

మేం మళ్లీ పిల్లల కోసం చూడలేదు. పరీక్ష చేయించుకుని చూడవచ్చని డాక్టరమ్మ రెండుసార్లు కబురు చేసింది. కడుపులో ఉన్నదాన్ని ఉంచాలా వద్దా అని కాగితం కోసం ఎదురుచూసే ఆ మూడు వారాలు నా వల్ల కాదు. బావ బలవంతం చేయలేదు. పాములు ఉన్నాయి. ఇరవై ఏళ్లు బతుకుతాయంటారు. వాటిని ఎవరికీ ఇవ్వాలని లేదు. వారానికోసారి తింటాయి, నెలకో రెండు నెలలకో కుబుసం విడుస్తాయి.

బడిలో ప్రతి ఏడూ అనువంశికత పాఠం వస్తుంది. ఈసారి మొదటిసారిగా పుస్తకం మూసి, మేనరికం పెళ్లిళ్ల గురించి, నెత్తురు పరీక్ష గురించి విడమరిచి చెప్పాను. నా సంగతి చెప్పలేదు. మీ అమ్మానాన్నలది దగ్గరి సంబంధమా అని అడిగితే సగం చేతులు లేచాయి. రెండు రోజులకు ఒక పిల్ల తల్లి బడికి వచ్చి, "మా మేనల్లునికి ఇద్దమనుకున్న పోరికి గియ్యన్ని నువ్వెందుకు చెప్తివి?" అని అందరి ముందూ నన్ను నిలదీసింది. ప్రిన్సిపాల్ ఆమెను శాంతపరచి పంపాడు. నన్ను సిలబస్ వరకే చెప్పమన్నాడు. వచ్చే ఏడూ చెబుతాను.

మా తమ్ముడికి ముప్పై నిండాయి. రెండు మూడు సంబంధాలు చూశాం, బయటివే. ఫొటో కూడా చూడడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు. ఆదివారాలు నాగర్‌కర్నూల్ నుంచి వస్తాడు. బావతో దుకాణంలో కాసేపు కూర్చుంటాడు, ఇంట్లో ఏదైనా చెడితే బాగుచేస్తాడు, అన్నం తిని పోతాడు.

పోయిన ఆదివారం అన్నం ముందు కూర్చుని, కంచంలోకే చూస్తూ అన్నాడు. "గద్వాల దవాఖానల కాన్పయిందంట. ఆడపిల్లంట. తల్లీ పిల్లా బాగున్నరంట."

"నీకెవరు చెప్పిన్రురా?"

"తెల్సింది."

నా మరదలి కబురు నాకు చేరకముందే వాడికి చేరింది. వాడు రెండు ముద్దలు తిన్నాడు.

"ఇంకొంచెం పచ్చిపులుసు పొయ్యి అక్కా," అన్నాడు.